కొట్టుకు పన్నుల అధికారులు వచ్చి అంకెలు వేసిన కాగితం మీద సంతకం తీసుకున్నారు, సోమవారం ఆఫీసుకు వెళ్లాలా?

ప్రశ్న: పాత్రల కొట్టు యజమాని, కోస్తా ఆంధ్ర

అందరికీ నమస్కారం. మాది కోస్తాలో ఒక చిన్న పట్టణం. నాన్నగారి కాలం నుంచి స్టీలు, ఇత్తడి, అల్యూమినియం సామాన్ల కొట్టు నడుపుతున్నాం. జీఎస్టీ రిజిస్ట్రేషను రెగ్యులర్ పద్ధతిలో ఉంది. రిటర్నులు మా ఊరి అకౌంటెంటు గారు వేస్తారు, ఇంతవరకు ఒక్క నెల కూడా గడువు దాటలేదు.

గురువారం మధ్యాహ్నం నేను భోజనానికి ఇంటికి వెళ్లినప్పుడు ఇద్దరు మనుషులు కొట్టుకు వచ్చి, తాము సేల్స్ టాక్సు ఆఫీసు నుంచి వచ్చామని గుమాస్తాకు చెప్పారట. అతను ఫోను చేస్తే చేయి కడుక్కుని పరుగెత్తాను. నేను వెళ్లేసరికి ఒకాయన స్టూలెక్కి అటక మీద ఇత్తడి బిందెలు లెక్కపెడుతున్నారు, రెండో ఆయన మా కొట్టు పేరున్న ప్యాడ్ నుంచే ఒక కాగితం చింపి అంకెలు వేసుకుంటున్నారు. బిందెలు 34 ఉన్నాయి, కంప్యూటర్లో 19 చూపిస్తోంది. స్టీలు క్యాన్లు, గుండిగలు, ఇడ్లీ పాత్రలు అన్నింటిలోనూ ఇలాగే తేడాలు వచ్చాయి. వెనక గదిలో మార్పిడి కింద తీసుకున్న పాత సామాను మూడు గోతాలు ఉంటే, వాటికి కొనుగోలు బిల్లులు ఏవని అడిగారు. ఇళ్లలోని ఆడవాళ్లు తెచ్చి ఇచ్చే పాత చెంబులకూ పళ్ళాలకూ బిల్లు ఎక్కడ ఉంటుందో నాకు తెలియలేదు, ఏమీ మాట్లాడలేకపోయాను.

చివరికి వారు, సరుకుకూ పుస్తకాలకూ పొంతన లేదని, పన్ను, పెనాల్టీ కలిపి లక్షా ఎనభై వేలు అవుతుందని, డీఆర్‌సీ-03 ఫారంలో కట్టేస్తే ఇంతటితో పోతుందని, లేకపోతే సోమవారం మూడేళ్ల పుస్తకాలు పట్టుకుని ఆఫీసుకు రావాలని చెప్పారు. ఆ కాగితం కింద నా సంతకం తీసుకున్నారు. నకలు అడిగితే ఆఫీసులో ఇస్తామన్నారు. మెట్లు దిగుతూ వారిలో చిన్నాయన, ‘మీ షావుకారుకు చెప్పు, ఇక్కడే తేల్చుకుంటే అంత దూరం పోదు’ అని గుమాస్తాతో అన్నారట.

ఇక్కడ మా వ్యాపారం సంగతి ఒకటి చెప్పాలి. మాకు సరుకు కిలోల్లో వస్తుంది, మేము అమ్మేది ఎక్కువగా నగాల్లో, అంటే విడి వస్తువుల లెక్కన. హోల్‌సేల్ బిల్లులో ‘స్టీలు పాత్రలు 212 కిలోలు’ అని ఒకే వరుస ఉంటుంది. అందులో ఎన్ని తపేలాలు, ఎన్ని డబరాలు అన్నది మేము అంచనాగా కంప్యూటర్లో ఎక్కిస్తాం. నగాల లెక్క ఏనాడూ సరిపోయింది లేదు, మొత్తం బరువులో మాత్రం పెద్ద తేడా ఉండదని నా నమ్మకం.

సోమవారం నేను వెళ్లాలా? ఆ సొమ్ము కట్టక తప్పదా? సంతకం పెట్టేశాను కాబట్టి ఒప్పుకున్నట్టేనా? అమ్మ రెండు రోజులుగా సరిగా అన్నం కూడా తినడం లేదు. తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు 1: జీఎస్టీ ప్రాక్టీషనరు

అయ్యా, ముందుగా అమ్మగారికి ధైర్యం చెప్పండి. లెక్కలో తేడా ఉందని ఎవరో నోటితో చెప్పినంత మాత్రాన పన్ను బాకీ తేలిపోదు. పన్ను నిర్ణయించాలంటే నోటీసు ఇవ్వాలి, మీ జవాబు తీసుకోవాలి, మీరు కోరితే ఎదురుగా కూర్చోబెట్టి వినాలి, ఆ తరువాత రాతపూర్వకంగా ఉత్తర్వు ఇవ్వాలి.

వారు వచ్చిన అధికారం ఏమిటన్నది మొదటి ప్రశ్న. కేంద్ర, రాష్ట్ర జీఎస్టీ చట్టాల 67వ సెక్షను కింద దుకాణాన్ని తనిఖీ చేయాలంటే జాయింట్ కమిషనరు లేదా అంతకు పైస్థాయి అధికారి ‘జీఎస్టీ ఐఎన్ఎస్-01’ అనే ఫారంలో అనుమతి ఇచ్చి ఉండాలి. ఎవరిని తనిఖీ చేయాలి, ఎక్కడ చేయాలి, ఎవరు చేయాలి అన్నవి అందులో ఉంటాయి. ఆడిట్, పరిశీలనల కోసం 71వ సెక్షను కింద వచ్చినా ఆ స్థాయి అధికారి అనుమతే కావాలి. 65వ సెక్షను ఆడిట్ అయితే కనీసం 15 పనిదినాల ముందు ఏడీటీ-01 నోటీసు రావాలి. కొత్త రిజిస్ట్రేషను తరువాత చిరునామా సరిచూసుకోవడానికి 25వ రూలు కింద వచ్చేవారు కూడా ఉంటారు, అయితే వారి పని కొట్టు ఉందా లేదా అని చూసి ఫొటోలతో నివేదిక ఎక్కించడం వరకే, అటకెక్కి బిందెలు లెక్కపెట్టడం కాదు. మీ దగ్గరకు వచ్చినవారు ఇందులో ఏ కాగితమూ చూపినట్టు మీరు రాయలేదు.

డీఆర్‌సీ-03 అన్నది మనంతట మనం లెక్క చూసుకుని స్వచ్ఛందంగా కట్టే చెల్లింపు. తనిఖీ జరుగుతుండగా వసూలు చేయకూడదని కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు 2022 మే 25న తన అధికారులకు స్పష్టంగా సూచన జారీ చేసింది. అంతకుముందు 2021 ఫిబ్రవరిలో గుజరాత్ హైకోర్టు, వ్యాపారి తానై కడతానన్నా సోదా ముగిసిన మరుసటి రోజున కట్టమని చెప్పాలే తప్ప అక్కడికక్కడ తీసుకోకూడదని ఆదేశించింది. రాష్ట్ర అధికారులకు బోర్డు సూచన నేరుగా వర్తించదని కొందరు వాదిస్తారు, కానీ కొట్టులో నిలబెట్టి కట్టించుకునే అధికారం రాష్ట్ర చట్టం కూడా ఎవరికీ ఇవ్వలేదు.

సంతకం సంగతికి వస్తే, ఆదివారం లోపలే ఒక లేఖ రాయండి. ఫలానా రోజు ఫలానా సమయంలో ఇద్దరు వచ్చారని, అనుమతి పత్రం చూపలేదని, నకలు ఇవ్వకుండా సంతకం తీసుకున్నారని, అందులోని అంకెలు నగాల అంచనా మీద వేసినవి కాబట్టి వాటిని అంగీకరించడం లేదని, బరువు లెక్కతో వివరణ ఇస్తామని రాసి, మీ సర్కిల్ అధికారికి ఈమెయిలు చేసి, మరో ప్రతిని రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. ఇటువంటి లేఖకు తేదీయే ప్రాణం. ఆరు నెలల తరువాత రాస్తే ఎవరూ నమ్మరు.

ఇక మార్పిడి సామాను. మీరు కొత్త బిందె అమ్మినప్పుడు బిల్లు పూర్తి ధరకు వేస్తున్నారా, పాత సామాను విలువ తీసేసి మిగిలిన సొమ్ముకు వేస్తున్నారా? దీనికి మీరు నిజాయితీగా జవాబు చెప్పాలి, ఎందుకంటే మీ గొడవ మొత్తంలో నన్ను కలవరపెట్టింది ఇదొక్కటే.

జవాబు 2: హార్డ్‌వేర్ షాపు, తెలంగాణ

మా అనుభవం కూడా చెబుతాను. రెండేళ్ల కిందట ఒకతను మెడలో గుర్తింపు కార్డు వేసుకుని మా షాపుకు వచ్చి, బోర్డు మీద జీఎస్టీ నంబరు రాయలేదని, దానికి 25 వేలు జరిమానా అని భయపెట్టి, చివరికి మూడు వేలు నగదు తీసుకుని రసీదు తరువాత పంపుతానని వెళ్లిపోయాడు. బోర్డు మీద నంబరు ఉండాలన్నది నిజమే, 18వ రూలు ఆ మాటే చెబుతుంది, రిజిస్ట్రేషను సర్టిఫికెట్టు కూడా నలుగురికీ కనిపించేలా తగిలించాలి. కానీ అతను ఏ ఆఫీసులోనూ లేడని తరువాత తెలిసింది. పన్ను గానీ జరిమానా గానీ నగదుగా ఎవరి చేతికీ ఇవ్వకూడదని, పోర్టల్‌లో చలానా తీసి కట్టాల్సిందేనని నాకు మూడు వేలు పోయాకే తెలిసింది.

కేంద్ర అధికారులు పోర్టల్‌లో కాకుండా పంపే నోటీసు, సమను, అనుమతి పత్రం మీద 2019 నవంబరు నుంచి డీఐఎన్ అనే గుర్తింపు సంఖ్య తప్పనిసరి, దాన్ని బోర్డు వెబ్‌సైటులో కొడితే అసలో నకిలీయో తెలిసిపోతుంది. రాష్ట్రాలు కూడా ఈ పద్ధతి పెట్టుకోవాలని 2022 జులైలో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ సంఖ్య లేని ఉత్తర్వులు చెల్లవని మీ ఆంధ్రప్రదేశ్ హైకోర్టే తీర్పులు ఇచ్చింది. అందువల్ల అన్నా, ముందు ఆ ఇద్దరూ నిజంగా ఆ ఆఫీసు మనుషులో కాదో కనుక్కోండి.

జవాబు 3: వాణిజ్య పన్నుల శాఖ విశ్రాంత ఉద్యోగి

పైన ఇద్దరూ చెప్పినవి సరైనవే. నేను ముప్పై ఏళ్లకు పైగా బల్లకు అవతలి వైపు కూర్చున్నవాడిని కాబట్టి అటువైపు నుంచి ఒక మాట చెబుతాను.

ఒక వీధిలో ఇరవై కొట్లు ఉంటే మీ కొట్టుకే ఎందుకు వచ్చారు? ఒకప్పుడు చెక్‌పోస్టు దగ్గర కాపు కాసేవాళ్లం, పోటీ వ్యాపారి రాసిన ఆకాశరామన్న ఉత్తరం పట్టుకుని బయలుదేరేవాళ్లం. ఇప్పుడు అధికారి గది దాటకముందే కంప్యూటరు మీ కొనుగోళ్లనూ అమ్మకాలనూ పక్కపక్కన పెట్టి చూపిస్తుంది. మీరు గోతాల్లోని పాత ఇత్తడిని ఎవరికి అమ్ముతున్నారో రాయలేదు. బిల్లు వేసి అమ్ముతున్నట్టయితే అది మీ అమ్మకాల రిటర్ను జీఎస్టీఆర్-1 లో, సరుకు రకాన్ని తెలిపే హెచ్ఎస్ఎన్ కోడు 7404 కింద, అల్యూమినియం తుక్కు అయితే 7602 కింద కనిపిస్తుంది. కొనుగోళ్ల వైపు మాత్రం తుక్కు కొన్న జాడ ఒక్కటీ ఉండదు. కొనకుండా అమ్మిన సరుకు ఎక్కడి నుంచి వచ్చిందన్న అనుమానం ఏ అధికారికైనా వస్తుంది. వారు నేరుగా వెనక గదిలోకి వెళ్లి గోతాల బిల్లులు అడిగారంటే దాని కోసమే వచ్చి ఉంటారని, బిందెల లెక్క దారిలో దొరికిన సందు మాత్రమేనని నా అంచనా.

ఇంకో సంగతి. ఈ సరుకు మీద పన్ను 2025 సెప్టెంబరు 22న 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. అంతకుముందు 12 శాతంతో కొన్న నిల్వల క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన పన్ను, అమ్మకపు పన్నులో సర్దుకునేది) చాలామంది పాత్రల వ్యాపారుల లెడ్జరులో పేరుకుపోయింది, దాన్ని వాడుకునే హక్కు మీకు ఉంది. కానీ నెలల తరబడి పన్నంతా క్రెడిట్‌తోనే సర్దుకుని ఒక్క రూపాయి కూడా చలానాతో కట్టని ఖాతాల జాబితా తీస్తే మీ పేరూ అందులో ఉండవచ్చు. అడిగితే కొనుగోలు బిల్లులు చూపించండి, ఇందులో భయపడేది ఏమీ లేదు.

సోమవారం తప్పకుండా వెళ్లండి, లేదా మీ ప్రాక్టీషనరును అధికార పత్రంతో పంపండి, 116వ సెక్షను దానికి అనుమతిస్తుంది. అయితే మూడేళ్ల పుస్తకాలు మోసుకుని వెళ్లవద్దు. ఏ సెక్షను కింద, ఏ కాలానికి, ఏ పుస్తకాలు కావాలో రాతపూర్వకంగా అడగమని, అడిగినవన్నీ ఇస్తామని లేఖ ఇచ్చి, దాని నకలు మీద ముద్ర వేయించుకుని రండి. గొంతు పెంచవద్దు, చట్టం చదివి వినిపించవద్దు. మా కాలంలో సెక్షన్లు అప్పజెప్పిన వ్యాపారి ఫైలు కన్నా, రెండు చేతులతో లేఖ ఇచ్చి ‘ముద్ర వేసి ఇప్పించండి సార్’ అని కుర్చీలో కూర్చుండిపోయిన వ్యాపారి ఫైలే తొందరగా కదిలేది.

మెట్ల మీద అన్న మాట గురించి కూడా చెప్పాలి. ఇక్కడే తేల్చుకోవడం అంటే ఏమిటో మీకూ తెలుసు, నాకూ తెలుసు. అవినీతి నిరోధక చట్టానికి 2018లో చేసిన సవరణ తరువాత లంచం ఇవ్వడం కూడా నేరమే. బలవంతాన ఇచ్చిన మనిషి ఏడు రోజుల లోపల ఫిర్యాదు చేస్తేనే అతనికి రక్షణ ఉంటుంది. మళ్లీ ఎవరైనా ఆ మాట ఎత్తితే అవినీతి నిరోధక శాఖ నంబరు 1064 ఉంది. ఒకసారి ఇస్తే అంతటితో పోతుందని అనుకునేవారికి నేను చెప్పగలిగింది ఒకటే, ఇచ్చే కొట్ల జాబితా కూడా ఆఫీసుల్లో ఒకరి నుంచి మరొకరికి అందుతూ ఉంటుంది.

ప్రశ్న అడిగినవారి సమాధానం

అందరికీ కృతజ్ఞతలు. పెద్దాయన గారి అంచనా అక్షరాలా నిజం. మార్పిడి పద్ధతి నాన్నగారి హయాంలో లేదు. 2024 వేసవి పెళ్లిళ్లప్పుడు, సారె సామాను కొనడానికి వచ్చేవారు పాత ఇత్తడి ఇస్తాం తీసుకుంటారా అని అడుగుతుంటే నేనే మొదలుపెట్టాను. పోగైన పాత ఇత్తడినీ అల్యూమినియాన్నీ జీఎస్టీ ఉన్న లోహపు వ్యాపారికి 18 శాతం పన్నుతో బిల్లు వేసే అమ్ముతున్నాను. పన్ను కడుతున్నాను కదా, ఇంకేం తప్పు ఉంటుందని అనుకున్నాను. కొనుగోలు వైపు ఏమీ రాయలేదు.

ప్రాక్టీషనరు గారు అడిగినదానికి జవాబు: బిల్లు మిగిలిన సొమ్ముకే వేస్తున్నాను. 2,400 రూపాయల బిందెకు 900 రూపాయల పాత సామాను ఇస్తే 1,500 కే బిల్లు. చేతికి వచ్చింది అంతే కదా అని అలా చేశాను. ఇది తప్పా?

జవాబు 4: జీఎస్టీ ప్రాక్టీషనరు

తప్పే. మీరు బిందెకు ప్రతిఫలంగా 1,500 రూపాయల నగదు, 900 విలువైన ఇత్తడి తీసుకున్నారు. ప్రతిఫలంలో కొంత వస్తువుగా ఉంటే, మార్పిడి లేకుండా ఆ సరుకు బజారులో పలికే ధరే పన్ను విలువ అని 27వ రూలు చెబుతుంది. పాత ఫోను ఇచ్చి 20,000 కు కొన్న కొత్త ఫోను ధర మార్పిడి లేకపోతే 24,000 అయితే, పన్ను 24,000 మీద పడుతుందన్న ఉదాహరణ ఆ రూలులోనే ఉంది. కాబట్టి ప్రతి మార్పిడి బిల్లులోనూ మీరు తీసేసిన విలువ మేరకు పన్ను తక్కువ పడింది.

ఇందులో మోసం చేసే ఉద్దేశం లేదని మీ పుస్తకాలే చెబుతున్నాయి, తుక్కును దాచకుండా బిల్లుతో అమ్మారు. మార్పిడి 2024-25 లోనే మొదలైంది కాబట్టి మీకు వర్తించేది, 2024-25 నుంచి తక్కువ పడిన పన్నును తేల్చే 74ఎ సెక్షను. మోసం లేని సందర్భంలో నోటీసు రాకముందే పన్నునూ, ఏడాదికి 18 శాతం చొప్పున వడ్డీనీ మీరే కట్టేస్తే పెనాల్టీ ఉండదు. వారు చెప్పిన లక్షా ఎనభై వేలు కట్టవద్దు, మీరు నిజంగా బాకీ ఉన్నది లెక్కగట్టి డీఆర్‌సీ-03 లో కట్టి, లెక్క పట్టికను జత చేయండి.

పాత తుక్కు మీద ఇంకొక చిక్కు ఉంది. 2024 అక్టోబరు 10 నుంచి, రిజిస్ట్రేషను లేనివారు రిజిస్టరు అయిన వ్యాపారికి లోహపు తుక్కు ఇస్తే ఆ పన్ను కొన్నవారే కట్టాలి. ఇంట్లో వాడి పడేసిన చెంబు తెచ్చే ఇల్లాలు వ్యాపారం చేస్తున్నట్టు కాదు కాబట్టి ఆమె ఇచ్చినదానికి ఇది రాదన్నది నా అభిప్రాయం, దాని మీద గట్టిగా వాదించవచ్చు. బండి మీద తిరిగి పాత సామాను కొనేవారి దగ్గర మీరు ఎప్పుడైనా తీసుకుని ఉంటే మాత్రం అది వేరే సంగతి, కట్టాల్సిందే.

ఆదివారం కొట్టు మూసి సరుకంతా తూకం వేయండి. కంపోజిషను వ్యాపారులకు (అమ్మకాల మీద స్థిర శాతం పన్ను కట్టే చిన్న వ్యాపారులకు) నిల్వ లెక్క రాయనవసరం లేదు గానీ, మీరు రెగ్యులర్ కాబట్టి 56వ రూలు ప్రకారం రాయక తప్పదు. ఆ లెక్క కిలోల్లో ఉంటే అభ్యంతరం లేదు.

ప్రశ్న అడిగినవారు, మూడు వారాల తరువాత

ఏం జరిగిందో చెప్పడం నా బాధ్యత. ఆదివారం పొద్దున ఏడింటి నుంచి రాత్రి పదకొండు వరకు నేను, గుమాస్తా, బావమరిది కలిసి కాటా మీద మొత్తం తూచాం. పుస్తకాల ప్రకారం ఇత్తడి 460 కిలోలు ఉండాలి, 471 వచ్చింది. ఆ 11 కిలోల ఆచూకీ కూడా తరువాత దొరికింది. ఒక గంగాళం అమ్మకం కంప్యూటర్లో రెండుసార్లు పడింది.

సోమవారం లేఖ తీసుకుని వెళ్లాను. వచ్చినవారు ఆ ఆఫీసు మనుషులే. ముందు ముద్ర వేయం అన్నారు, ఇంతకుముందే మెయిలు కూడా చేశామని చూపించి అరగంట కూర్చున్నాక వేశారు. నేను సంతకం పెట్టిన కాగితం గురించి అడిగితే అది కేవలం నోట్సు అన్నారు. లక్షా ఎనభై వేల మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

మార్పిడి బిల్లులన్నీ తిరగేస్తే 2024-25 లో తీసేసిన విలువ 3,40,000 రూపాయలు తేలింది, 12 శాతం చొప్పున పన్ను 40,800. మరుసటి ఏడు సెప్టెంబరు 21 దాకా 1,25,000 మీద 15,000, ఆ తరువాత 5 శాతం లెక్కన 90,000 మీద 4,500. మొత్తం 60,300, వడ్డీ వేరు. వెంటనే కట్టేశాను. పది రోజులకు పోర్టల్‌లో రిటర్నుల్లోని తేడాలకు వివరణ అడిగే ఏఎస్ఎంటీ-10 నోటీసు వచ్చింది, పెద్దాయన గారు చెప్పినట్టే తుక్కు అమ్మకాలకు కొనుగోళ్లు చూపలేదన్నది ఒక్కటే అందులో ఉంది. 30 రోజుల గడువు ఉన్నా నాలుగో రోజే ఏఎస్ఎంటీ-11 లో జవాబు ఇచ్చాం, చెల్లింపు రసీదు జత చేశాం. మూసివేత ఉత్తర్వు ఏఎస్ఎంటీ-12 కోసం చూస్తున్నాను.

ఒక్క సందేహం మిగిలింది. ఇకపై పాత సామాను తీసుకునేటప్పుడు ఏం రాసుకోవాలి?

జవాబు 5: జీఎస్టీ ప్రాక్టీషనరు

వరుస నంబర్లు వేసిన ఒక ఓచరు పుస్తకం అచ్చు వేయించండి. అందులో తేదీ, ఇచ్చినవారి పేరు, ఊరు, ఫోను నంబరు, లోహం ఏదో, బరువు, కిలో ధర, మొత్తం విలువ రాసి, ఇంటి వాడకపు పాత సామాను అన్న ఒక వాక్యం కింద వారి సంతకమో వేలిముద్రో తీసుకోండి. అమ్మకం బిల్లులో బిందె పూర్తి ధర, దాని మీద పన్ను చూపి, చివర్లో ‘పాత సామాను ఓచరు నంబరు ఇంత, తగ్గింపు ఇంత’ అని రాయండి. పెళ్లి సామాను రద్దీలో ఇవన్నీ ఎవరు రాస్తారని గుమాస్తా విసుక్కుంటాడు. 200 రూపాయల లోపు గరిటెలకూ గ్లాసులకూ కొనేవారు అడగకపోతే విడి బిల్లు అవసరం లేదు, సాయంత్రం ఒకే బిల్లులో కలిపి వేసుకోవచ్చు. అక్కడ మిగిలే సమయం దీనికి సరిపోతుందని అతనికి చెప్పండి.